నర్సమ్మ లెక్క

నాడి ఎంత? జ్వరం ఎంత? సెలైన్ ఎంత ఎక్కింది, మూత్రం ఎంత వచ్చింది? మంచం దగ్గర నర్సు రాసుకునే ఈ అంకెల్ని రోగీ పట్టించుకోడు, చూడ్డానికొచ్చిన బంధువులూ పట్టించుకోరు. కానీ వాటిని నిజాయతీగా రాసి, ఒకచోట చేర్చి, పక్కన మరో లెక్క పెట్టి చూస్తే... మందులకు కూడా అందని రహస్యాలు బయటపడతాయి. నర్సింగ్‌లో సంఖ్యాపరమైన పరిశోధన అంటే అదే!

విశాఖపట్నం మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి నూరేళ్లు దాటాయి. ఆంధ్ర వైద్య కళాశాలతో పాటు 1923లో మొదలైన ఈ పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం నుంచీ, పాడేరు, అరకు కొండల నుంచీ, సరిహద్దు దాటి ఒడిశాలోని కోరాపుట్, రాయగడల నుంచీ జనం వస్తారు. రేవులో బరువులెత్తే కూలీ, కొలిమి వేడిలో పనిచేసే కార్మికుడు, వల భుజాన వేసుకుని వేటకెళ్లే మత్స్యకారుడు... ఎవరికి ఏ కష్టమొచ్చినా ‘కేజీహెచ్‌కు తీసుకెళ్లండి’ అంటారు.

అలాంటి ఆసుపత్రిలో డాక్టరు వార్డుకు రౌండ్లకొచ్చి వెళ్లిపోతారు. ఇరవై నాలుగు గంటలూ రోగిని అంటిపెట్టుకుని ఉండేది నర్సే. ఎవరికి ఆయాసం పెరుగుతోంది, ఎవరి వీపు మీద పుండు మొదలవుతోంది, ఎవరు నిన్నటి కన్నా మగతగా ఉన్నారు... ఇవన్నీ మొదట తెలిసేది ఆమెకే. తెలిసింది గుర్తుంచుకుంటే అనుభవం. దాన్ని అంకెల్లో పెట్టి, పదిమందికీ వర్తిస్తుందో లేదో తేల్చితే అది శాస్త్రం.

దీపంతో పాటు లెక్కల పుస్తకం

నర్సు అనగానే గుర్తొచ్చే పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్. చేతిలో దీపం పట్టుకుని రాత్రిళ్లు సైనికుల మంచాల మధ్య తిరిగిన తల్లిగా పాఠ్యపుస్తకాల్లో ఆమెను చదువుకున్నాం. ఆమె గట్టి లెక్కల మనిషి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

క్రిమియా యుద్ధ సమయంలో, 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేరుకుంది. అక్కడ తూటా దెబ్బల కన్నా విరేచనాలు, కలరా, టైఫస్ జ్వరాలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటున్నాయి. ఆమె చూపించిన లెక్కల ప్రకారం 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది రోగులు చనిపోయారు. ఆ మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగుచేయించింది, గాలీ వెలుతురూ వచ్చేలా చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

యుద్ధం ముగిశాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి ఆమె ఆ లెక్కలన్నీ తిరగేసింది. అంకెల పట్టికలు చూస్తే మంత్రులకు నిద్రొస్తుందని కాబోలు, నెలనెలా మరణాలను పువ్వు రేకుల్లాంటి రంగుల బొమ్మగా గీసి 1858లో అచ్చు వేయించింది. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ గౌరవం అందుకున్న తొలి మహిళ ఆమే!

మన దేశానికి ఆమె ఒక్కసారి కూడా రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నల జాబితాలు వెళ్లాయి. నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోతుంది, ఏడాదికి ఎంతమంది చనిపోతున్నారు... జవాబులన్నీ కూర్చి 1863లో రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది. భారత్‌లోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని అది తేల్చింది. పదేళ్ల తర్వాత ఆ సంఖ్య 18కి తగ్గిందని నైటింగేల్ ప్రకటించింది. ఆమె చూపు సైనికుల దగ్గరే ఆగిపోలేదు. కరవుల్లో చనిపోతున్న రైతుల గురించీ రాసింది. గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ వాదనకు, అంటే సాగునీరే కరవుకు మందు అన్న మాటకు, గట్టిగా వత్తాసు పలికింది. మన కాటన్ దొరకూ, ఆ దీపధారిణికీ మధ్య ఉత్తరాలు నడిచాయంటే ఆశ్చర్యమే కదూ!

ఆమె లెక్కలో గమనించాల్సిన మొదటి పాఠం ఒకటుంది. ‘వందమంది చనిపోయారు’ అంటే ఏమీ తెలియదు. ‘ఎంతమందిలో వందమంది?’ అని అడగాలి. పెద్దాసుపత్రిలో చావులు ఎక్కువ, చిన్న నర్సింగ్‌హోమ్‌లో తక్కువ అని జనం అనుకుంటారు. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లెందరు, ఎంత ముదిరాక వచ్చారు అన్నది కూడా కలిపి చూస్తేనే ఆ పోలికకు అర్థం.

అరవై మంది తల్లులు, ఇరవై ప్రశ్నలు

ఇప్పుడు నర్సింగ్ చదువులో పరిశోధన ఒక పాఠ్యాంశం. బీఎస్సీ నర్సింగ్‌లో పరిశోధన, గణాంకశాస్త్రం చదవాలి. ఎమ్మెస్సీ నర్సింగ్‌లోనైతే ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ సమర్పించాల్సిందే. నర్సింగ్ కళాశాలల గ్రంథాలయాల్లో బీరువా తెరిస్తే ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. చాలావాటికి దారి ఒక్కటే. ముందు ఒక పరీక్ష, తర్వాత పాఠం, మళ్లీ అదే పరీక్ష.

ఉదాహరణకు ఒక విద్యార్థిని విశాఖ జాలారిపేటలో అరవై మంది తల్లుల్ని ఎంచుకుందనుకుందాం. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో ఇరవై ప్రశ్నలు అడిగింది. సగటున తొమ్మిది మార్కులొచ్చాయి. బొమ్మలు చూపించి పాఠం చెప్పింది. వారం తర్వాత అవే ప్రశ్నలడిగితే పదిహేను మార్కులొచ్చాయి. ‘నా పాఠం వల్ల ఆరు మార్కులు పెరిగాయి’ అని రాసేస్తే సరిపోతుందా?

సరిపోదు. మొదటిసారి ప్రశ్నలు విన్నాక ఆ తల్లులు ఇంటికెళ్లి పక్కింటావిణ్నో, ఆశా కార్యకర్తనో అడిగి ఉండొచ్చు. టీవీలో చూసి ఉండొచ్చు. అందుకే ఇంకో ఊరు కావాలి. ముత్యాలమ్మపాలెంలో మరో అరవై మంది తల్లుల్ని అవే ప్రశ్నలు రెండుసార్లు అడిగి, పాఠం మాత్రం రెండో పరీక్ష అయ్యాకే చెప్పాలి. అక్కడ మార్కులు తొమ్మిది నుంచి పదకొండుకు పెరిగాయనుకోండి. పాఠం లేకుండానే రెండు మార్కులు వచ్చాయన్నమాట. అంటే పాఠం తెచ్చినవి నాలుగే. ఈ రెండో ఊరినే పరిశోధకులు ‘కంట్రోల్ గ్రూపు’ అంటారు. అది లేని అధ్యయనం ఒకే పళ్లెం ఉన్న తక్కెడ లాంటిది.

ఇంకో చిక్కూ ఉంది. మార్కులు తెలివిని కొలుస్తాయి, చేతల్ని కొలవవు. ‘ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి’ అని చెప్పిన తల్లి, ఇంట్లో గ్లాసుడు నీళ్లలో చిటికెడు పొడి వేస్తుంటే ఆ పదిహేను మార్కులెందుకు? అందుకే మంచి పరిశోధకురాలు ‘అమ్మా, ఒకసారి కలిపి చూపించు’ అంటుంది. చేతులు కడిగిందా, నీళ్లు కొలిచిందా, పొడి మొత్తం వేసిందా అని ఒక్కొక్కటీ టిక్కు పెడుతుంది. ఏం కొలవాలో తెలియడమే ఈ విద్యలో సగం.

బొమ్మా? బొరుసా?

నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడిందనుకోండి. నాణెంలో మోసముందని అనగలమా? అనలేం. మంచి నాణెంతోనైనా ఏడు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం నూటికి 17 దాకా ఉంది. అదే వందసార్లు ఎగరేస్తే డెబ్భైసార్లు బొమ్మ పడితే? అప్పుడు అనుమానించాల్సిందే. అది కాకతాళీయంగా జరిగే అవకాశం పది వేలకు ఒకటి కూడా లేదు.

వార్డులో జరిగేదీ ఇదే. కొత్త పద్ధతి పాటించిన పదిమందిలో ఏడుగురికి బాగైందని సంబరపడితే అది అదృష్టమే కావచ్చు. అందుకే ఎంతమందిని చూడాలో ముందే లెక్క వేసుకుంటారు. ఎవరు ఏ గుంపులో ఉండాలన్నది కూడా నర్సు ఇష్టానికి వదలరు. చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా పంచుతారు. లేదంటే కాస్త గట్టిగా ఉన్న రోగులే తెలియకుండా కొత్త పద్ధతి వైపు చేరిపోతారు!

దీనికి చక్కటి సాక్ష్యం కంగారూ సంరక్షణ. బరువు తక్కువతో పుట్టిన బిడ్డను తల్లి ఎద మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. అయితే బిడ్డ కాస్త కుదుటపడ్డాకే అలా చేయాలని చాలా ఏళ్లు అనుకున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే? భారత్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువుల్ని రెండు గుంపులుగా పంచి చూశారు. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. కుదుటపడేదాకా ఆగిన గుంపులో 28 రోజుల్లోపు నూటికి 15.7 మంది చనిపోతే, వెంటనే తల్లి ఎదకు చేర్చిన గుంపులో 12 మందే. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఇక రెండో గుంపును ఆపి ఉంచడం న్యాయం కాదని అధ్యయనాన్ని మధ్యలోనే ముగించారు. 2021లో ఫలితాలు వచ్చాయి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలే మారిపోయాయి. ఇక్కడ మందు ఏమిటి? అమ్మ ఒళ్లు... దాన్ని పగలూ రాత్రీ కాపలా కాసిన నర్సు!

ఒక నర్సుకు ఎందరు?

‘సిస్టర్‌ని పిలిస్తే పలకట్లేదు’ అన్నది ఆసుపత్రుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు. ఆమె ఒక్కతే ఎంతమందిని చూస్తోందని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నకూ అంకెలే జవాబిచ్చాయి.

అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలి బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో రెండు లక్షల ముప్ఫై రెండు వేల మందికి పైగా శస్త్రచికిత్స రోగుల వివరాలు, పది వేల మందికి పైగా నర్సుల జవాబులు కలిపి చూసింది. 2002లో వచ్చిన ఆ ఫలితం సంచలనమే. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, ముప్ఫై రోజుల్లో మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతోంది! ఏడు శాతం అంటే అదనంగా నూటికి ఏడుగురు పోతారని కాదు. అక్కడ మొత్తం మరణాలే నూటికి రెండు. ఆ రెండులో ఏడు శాతం. చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నలుగురిని చూడాల్సిన నర్సు ఎనిమిది మందిని చూస్తే వెయ్యి మంది రోగులకు సుమారు అయిదు ప్రాణాలు అదనంగా పోతున్నట్టు తేలింది. ఆ అయిదుగురూ ఎవరో ఒకరి ఇంటి దీపాలే కదా!

‘నర్సులు తక్కువున్న ఆసుపత్రుల్లో మిగతా లోపాలూ ఉండొచ్చుగా?’ అని అనుమానం వచ్చిందా? సరైన అనుమానమే. రెండు విషయాలు జతగా కనిపించినంత మాత్రాన ఒకదానికి మరొకటి కారణమని చెప్పలేం. దానికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఒక అవకాశమిచ్చింది. అక్కడ 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో పగలు సగటున నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని చట్టం చేశారు. చట్టం వర్తించిన 27 ఆసుపత్రుల్నీ, వర్తించని 28 ఆసుపత్రుల్నీ ముందూ తర్వాతా పోల్చారు. వర్తించిన చోట మరణాల అవకాశం తగ్గింది, వర్తించని చోట తగ్గలేదు. రోగులు తొందరగా ఇంటికెళ్లడం, మళ్లీ చేరాల్సిన అవసరం తగ్గడం వల్ల మిగిలిన డబ్బు, అదనపు నర్సులకైన ఖర్చుకు రెట్టింపు! జాలారిపేట, ముత్యాలమ్మపాలెం లెక్క ఇక్కడ ఆసుపత్రుల మీద నడిచిందన్నమాట.

మన దేశంలోనూ కొలమానాలున్నాయి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు అన్నది భారత నర్సింగ్ మండలి చెప్పిన లెక్క. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ జనరల్ వార్డులో ఆరుగురికి ఒకరు చాలంది. కాగితం మీది ఆ అంకెకూ, రాత్రి డ్యూటీలో కళ్లకు కనిపించే అంకెకూ ఎంత దూరమో వార్డులో ఒక రాత్రి గడిపిన ఏ కుటుంబానికైనా తెలుసు. ‘మాకు పని ఎక్కువగా ఉంది’ అంటే అది వినతి అవుతుంది. ‘నర్సు మీద ఇంతమంది భారం పడిన నెలలో పడక పుళ్లు ఇన్ని పెరిగాయి’ అంటే అది సాక్ష్యం అవుతుంది.

ఆ తెల్లవారుజామున...

2020 మే 7. విశాఖ శివారు ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికొచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే లేచి పరుగులు తీశారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. కేజీహెచ్‌కు ఒకరి వెనుక ఒకరుగా వచ్చిపడుతుంటే అలాంటి వేళ ఎవరిని ముందు చూడాలి? ఎక్కువగా ఏడ్చేవాళ్లనా? నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, పిలిస్తే పలుకుతున్నారా... ఈ మూడింటితోనే వరస తేలుతుంది. అంకె అక్కడ క్షణాల్లో ప్రాణం నిలబెట్టే పనిముట్టు.

అదే అంకెకు ఏళ్ల తర్వాత మరో విలువ వస్తుంది. ఆ ఊళ్లో ఒకరికి ఇప్పుడు దగ్గు తగ్గడం లేదనుకోండి. గ్యాసు వల్లేనా, సిగరెట్ వల్లనా, నగరపు దుమ్ము వల్లనా? ఆ రోజు ఎవరు ఎంతసేపు ఆవిరి పీల్చారు, అప్పుడు వాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అన్నది రాసి ఉంటే, గ్యాసు తగలని మరో ఊరితో ఏటేటా పోల్చి చెప్పొచ్చు. భోపాల్‌లో 1984 డిసెంబరు విషాదం తర్వాత భారత వైద్య పరిశోధన మండలి చేసింది అదే. గ్యాసు తగిలిన దాదాపు 80 వేల మందినీ, తగలని ప్రాంతంలో దాదాపు 16 వేల మందినీ పేరుపేరునా నమోదు చేసి ఏళ్ల తరబడి గమనించింది. దీన్ని ‘కోహార్ట్ అధ్యయనం’ అంటారు. రేవు, ఉక్కు, చమురుశుద్ధి, రసాయనాలు... ఇన్ని పరిశ్రమల పక్కన కాపురముంటున్న నగరానికి ఇంతకన్నా అవసరమైన పద్ధతి ఏముంటుంది? మొదటి రోజు రాయని అంకెను పదేళ్ల తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు.

అందరికీ ఒకటే బీపీనా?

ఇంత పెద్ద మేడకూ పునాది చార్టు మీది చిన్న అంకె. అది అబద్ధమైతే? ఏ దేశంలోనైనా పని ఒత్తిడి ఎక్కువైన వార్డుల్లో ఒక జబ్బు కనిపిస్తుంది. పది మంచాలకూ బీపీ 120/80, ఊపిరి నిమిషానికి 20! చూడకుండా రాసిందో, చూసి సున్నాకు సర్దిందో...

దాన్ని పట్టుకోడానికీ లెక్కే ఉంది. ముల్లు ఉన్న బీపీ యంత్రం మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి చొప్పున ఉంటాయి. కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8ల్లో ఏదైనా కావాలి. వందల రీడింగులు చూస్తే ఒక్కొక్కటీ అయిదో వంతు చొప్పున రావాలి. సగం రీడింగులు సున్నాతోనే ముగిశాయంటే అక్కడ యంత్రం కాదు, చేయి కొలిచిందన్నమాట. అలాగే ఊపిరిని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రోగి పరిస్థితి దిగజారుతోందని తరచుగా ముందే చెప్పేది అదే. ఎక్కువగా అశ్రద్ధ చేసేదీ దాన్నే.

పడక పుళ్ల సంగతీ అంతే. మంచాన పడ్డ రోగికి పుండు పడే ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి బార్బరా బ్రాడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు 1987లో ఒక కొలబద్దను ప్రకటించారు. స్పర్శ, తేమ, నడక, కదలిక, తిండి, రాపిడి... ఈ ఆరింటికి మార్కులు వేసి కూడితే 6 నుంచి 23 మధ్య వస్తుంది. 18 లేదా అంతకన్నా తగ్గితే జాగ్రత్తపడాలి. మంచి కొలబద్దకు రెండు పరీక్షలు. ఒకే రోగికి ఇద్దరు నర్సులు వేసినా మార్కులు ఇంచుమించు ఒకటే రావాలి. మార్కులు తగ్గిన వాళ్లకే నిజంగా పుళ్లు ఎక్కువ రావాలి.

ఇలా పేరూ బీరువా తాళమూ తప్ప ఏమీ అక్కర్లేని పరిశోధన ఏ వార్డులోనైనా మొదలుపెట్టొచ్చు. ఈ నెల నలభై మంది రోగుల్లో నలుగురికి పుళ్లున్నాయా? అంటే నూటికి పది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, దుప్పటి ముడతలు సరిచేయడం గట్టిగా అమలు చేసి, మూడు నెలల తర్వాత అదే లెక్క మళ్లీ తీయాలి. పక్క వార్డులోనూ తీయాలి. తగ్గిందా? గోడ మీద గీత గీసి అందరికీ చూపించాలి. తగ్గలేదా? ఎందుకో వెతకాలి. తగ్గలేదన్న ఫలితం కూడా ఫలితమే.

నొప్పిని సున్నా నుంచి పది దాకా ఎంతో చెప్పమని నర్సు అడిగితే చాలామంది పెద్దవాళ్లు ‘పర్లేదమ్మా’ అనేస్తారు. ఆమెను ఇబ్బంది పెట్టకూడదని! ఆ మొహమాటమే లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. మన ఇంటి పెద్దాయన మంచాన ఉంటే ఉన్న నొప్పి ఉన్నట్టు చెప్పించాలి. తాగిన నీళ్లు ఎన్ని గ్లాసులో గుర్తు పెట్టుకుని చెప్పాలి. అధ్యయనంలో చేరమంటే ఏం చేస్తారు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చా అని అడగాలి. మానుకునే హక్కు రోగికి ఉంది, మానుకున్నా వైద్యం ఆగకూడదు. ఇక సిస్టర్ ఊపిరి లెక్కపెడుతూ గడియారం వైపు చూస్తున్నప్పుడు ఆ ఒక్క నిమిషం ఆమెను పలకరించకుండా ఉంటే చాలు. ఆ అంకె నిజమైనది అవుతుంది.